ఎర్రబండి చక్రాలు చెప్పిన సంగతి

రోజు 301

ఈ పుస్తకంలో పని సంగతి తప్ప మరేదీ రాయకూడదని మొదటి పేజీలోనే అచ్చు వేశారు. అచ్చు వేసినవాళ్ళు మా ఇంజన్ల సందులో ఒక్క పూట కూడా పని చేసి ఉండరు. పని సంగతి రాయాలంటే ఆ పని చెప్పిందెవరో, మధ్యలో వచ్చి చెడగొట్టిందెవరో రాయొద్దా? నా పేరు మస్తానమ్మ. మా ఊరు నాలుగో గుంటలో చక్రమున్న ప్రతి బండీ ఎప్పుడో ఒకప్పుడు నా చేతికి రావాల్సిందే. నేను ఇలాగే రాస్తాను. చదివేవాళ్ళు కాస్త ఓపిక పట్టాలి.

ఈరోజు వచ్చిన పని: ఎర్రబండి చక్రాలకు గాలి సెన్సర్లు బిగించడం.

ఆకాశంలోంచి దిగిన మొదటి ఓడలో పాతనేల నుంచి, అంటే భూమి నుంచి, వచ్చిన కాంట్రాక్టరు ఒకాయన, బట్టలకూ పాత్రలకూ ఇచ్చిన బరువంతా వదులుకుని ఈ రెండు సీట్ల స్పోర్ట్స్ కారు తెచ్చుకున్నాడట. ఆయన పోయాక బండి ఊరిదైంది. గంటకు మూడొందల కిలోమీటర్లు పోగల బండి ఇప్పుడు పెళ్ళిళ్ళకే బయటికొస్తుంది. డిక్కీ మూత మీద పరుపు వేసి పెళ్ళికూతుర్నీ పెళ్ళికొడుకునీ కూర్చోబెట్టి, ఊరి గాలి బయటికి పోకుండా మూసిన కప్పు కింద చుట్టురోడ్డు మీద మూడు చుట్లు తిప్పుతారు. ముందు మేళం నడుస్తుంది కాబట్టి బండి మనిషి నడకను దాటకూడదు. నడిపేది మా ఆయన సైదులు. మిగతా రోజుల్లో ఆయనకు పెద్దతలుపు దగ్గర డ్యూటీ, బయటికి పోయేవాళ్ళకు తీయడం, వచ్చేవాళ్ళకు వేయడం.

ఊళ్ళో మిగతా బండ్లన్నీ తీగచక్రాలవే. గాలి టైర్లున్నది దీనికొక్కదానికే. ఊరి గాలిని కొలిచి నింపే గాలి ఆఫీసు కొత్త నియమం ప్రకారం గాలి బిగించి పెట్టిన ప్రతి వస్తువూ తనలో ఎంత ఉందో తానే చెప్పాలి. బండితో వచ్చిన సెన్సర్లు ఎప్పుడో చచ్చాయి. మొన్నటి ఓడలో ఒక పెట్టె దిగింది, ఏ బండికైనా సరిపోతాయని పైన రాసి ఉంది. అలా రాసి ఉన్నవి ఏ బండికీ సరిగ్గా సరిపోవని నా అనుభవం. పెట్టెలో ఆరున్నాయి, నాకు నాలుగు చాలు. 318న మా పక్కింటి కుమారి వాళ్ళమ్మాయి పెళ్ళి. అప్పటికి బండి సిద్ధంగా ఉండాలి.

సైదులు నడిపే ఆఖరి పెళ్ళి అదే. నాలుగు నెలలుగా ఆయనకు మెట్లెక్కితే ఆయాసం. ఊపిరితిత్తులు నీరసించాయని డాక్టరమ్మ తేల్చింది. 320న దట్టగాలి వార్డులో చేరమని కాగితం ఇచ్చింది. ఆ గాలికి ఒళ్ళు అలవాటు పడితే ఇక ఊరి గాలి సరిపోదు. అందుకే చేరినవాళ్ళెవరూ బయటికి రాలేదు. మనం వెళ్ళి గాజుగోడ ఇవతల నిలబడి చేతులూపి రావాలి. ఇరవై రెండేళ్ళు ఒకే కంచం దగ్గర కూర్చున్న మనిషికి చేతులూపడం నాకు చేతకాదు. ఇది పని సంగతి కాదని తెలుసు. కొట్టెయ్యను.

రోజు 302

పని మొదలవలేదు. కారణం మెట్లు.

మా ఇళ్ళు అడుగున, షెడ్డు పైన, మధ్యలో ఆరు మలుపుల మెట్లు. ఈ ఏడాది మా ఊరివాళ్ళకు ఎక్కడలేని స్నేహాలు పుట్టుకొచ్చాయి. ప్రతి మలుపు దగ్గరా ఇద్దరో ముగ్గురో నిలబడి కబుర్లు. కూర ఏం వండారు, కోడలు ఎలా ఉంది, కప్పు మీద దుమ్ము ఎంత పేరుకుంది. దారికి అడ్డం నిలబడి ఒక్కొక్క మాటే పొదుపుగా మాట్లాడుకుంటారు. తప్పించుకుని పోతే మస్తానమ్మకు పొగరంటారు. అందుకని మర్యాద కోసం నేనూ ప్రతి మలుపు దగ్గరా ఆగుతున్నాను. పైకి చేరేసరికి సగం పూట గడిచిపోతోంది.

రోజు 303

చక్రాలు విప్పాను. ముందువి రెండూ సన్నం, వెనకవి జానెడు ఎక్కువ వెడల్పు. టైరు పక్కగోడ మూడు వేళ్ళ ఎత్తు కూడా లేదు. అలాంటి టైరు అంచు రిమ్మును పట్టుకుందంటే ఒక పట్టాన వదలదు. గాలంతా తీసేసి, సబ్బునీళ్ళు పూసి, ప్రెస్సు కింద పెట్టి నొక్కితే ఊడివచ్చింది. పాత రబ్బరు వాల్వు కోసేసి, ఆ కన్నంలోంచి సెన్సరు తాలూకు లోహపు వాల్వు బయటికి తోసి, నట్టు బిగించాలి. ఎక్కువ బిగిస్తే రబ్బరు వాషరు నలిగిపోతుంది. తక్కువైతే గాలి కారుతుంది. ఎంత బిగించాలో వేలికి తెలియాలి.

టైరు మళ్ళీ ఎక్కించేటప్పుడు లీవరు వాల్వుకు దూరంగా పెట్టాలి. ఈ సంగతి ఈ బండి మీదే నేను పదిమందికి నేర్పాను. నేర్పిన నేనే మొదటి చక్రానికి వాల్వు పక్కనే లీవరు దూర్చాను. టిక్కుమంది. కొత్త సెన్సరు రెండు ముక్కలు. ఎవరూ చూడలేదు, అయినా రాస్తున్నాను. ఆ సమయంలో నా బుర్ర చక్రం మీద లేదు, 320 మీద ఉంది.

ఆ తర్వాత బిగించిన నాలుగూ చక్కగా కూర్చున్నాయి. సెన్సరు బరువుకు ఎదురు దిక్కున సీసం ముక్కలు అతికించి చక్రాలను బ్యాలెన్సు చేశాను. మేళం వెనక నడిచే బండికి బ్యాలెన్సు ఎందుకని సైదులు నవ్వాడు. బండి మూడొందలకు పుట్టింది, దాని మర్యాద దానికి దక్కాలన్నాను.

రోజు 304

నాలుగు టైర్లకూ చేతిగేజితో చూసి ముప్ఫై రెండు పాయింట్లు గాలి కొట్టాను. బండి స్క్రీను తెరిస్తే ముందు ఎడమ ఇరవై ఎనిమిది. ముందు కుడి ఇరవై ఎనిమిది. వెనక రెండూ ఇరవై ఎనిమిదే.

సబ్బునీళ్ళు పోసి చూశాను, ఒక్క బుడగ లేదు. చేతిగేజితో మళ్ళీ చూశాను, ముప్ఫై రెండు. ఓడలో వచ్చిన సరుకు ఇంతేనని తిట్టుకుని షట్టరు దించాను.

రోజు 306

తిట్టుకున్నాను గానీ బుర్ర తొలిచేస్తూనే ఉంది. చెడిపోయిన వస్తువులు తలా ఒక రకంగా చెడిపోతాయి. ఒకటి ఇరవై చూపాలి, ఇంకొకటి నలభై చూపాలి, ఒకటి అసలేమీ చూపకూడదు. నాలుగూ కూడబలుక్కున్నట్టు ఒకే తప్పు ఎలా చేస్తాయి? మిగిలిన ఐదోదాన్ని ఒక చక్రంలో మార్చి బిగించాను. ఇరవై ఎనిమిది.

మధ్యలో జనం. ఇంటింటికీ గోడ మీద ఊరి గాలి ఎంతుందో చూపే గాలిముల్లు ఉంటుంది కదా, అది జారిపోతోందని ఈ వారంలో ఏడుగురు పట్టుకొచ్చారు. పన్నెండు మీద ఉండాల్సిన ముల్లు పన్నెండు లోపలికి దిగిందట. దిద్దుడు పండగ అయి యాభై రోజులు కాలేదు. ఆ పండగనాడు ఊళ్ళోని నూట నలభై ముళ్ళనూ గాలి ఆఫీసు పెద్దముల్లు పక్కన పెట్టి, దానితో సమానంగా దిద్ది ఇచ్చింది నేనే. ఆఫీసులోని మీటర్లనూ అలాగే దిద్దుతాం. పోయినేడు వరకు ఒక్కొక్కటీ అటో ఇటో ఉండేది. ఈసారి మాత్రం అన్నీ కిందికే జారాయి. స్ప్రింగులు పాతబడ్డాయని చెప్పి అన్నిటినీ పైకి తిప్పాను. ఇప్పుడు ఈ ఏడింటినీ మోసుకుని మళ్ళీ గాలి ఆఫీసుకు ఎక్కాను.

పెద్దముల్లును చూస్తే మాత్రం కడుపు నిండుతుంది. ఊరు కట్టినవాళ్ళు తెచ్చిన ముల్లు అది. దుమ్ము పడుతోందని పోయినేడు పండగకు ఊరంతా కలిసి దానికి ఒక పెట్టె చేయించింది. చేసింది నేను. కప్పుకు వాడగా మిగిలిన పారదర్శక పలక ముందువైపు, చుట్టూ మూడు వరసల రబ్బరు, నాలుగు మరలు. మా ఊళ్ళో పిల్లలకు మాటలకన్నా ముందు నేర్పేది, ఏది మూసినా గట్టిగా మూయమని. నేను చేసిన పనుల్లో అంత శుభ్రమైన పని మరొకటి లేదు. అప్పటినుంచి ముల్లు పన్నెండు మీద నుంచి వెంట్రుకవాసి కదల్లేదు. కప్పు అంత దిట్టంగా ఉందని ఆఫీసుకు పూలదండ కూడా వేశారు. ఈరోజు ఆ పలకలో నా మొహం వంకరగా, ముక్కు లావుగా కనిపించింది. నేను ఒళ్ళు చేశానేమో.

రోజు 309

సెన్సర్ల పెట్టె అడుగున చిన్న కాగితం దొరికింది. మడతలు విప్పి, భూతద్దం పెట్టి, కూడబలుక్కుని చదివాను. చదివాక నా తలను నేనే మొట్టుకున్నాను. సెన్సర్లు చెడిపోలేదు.

చేతిగేజి బయట ఉంటుంది. టైరులోని గాలి బయటి గాలి కంటే ఎంత ఎక్కువుందో అది చెబుతుంది. సెన్సరు చక్రం లోపలే ఉంటుంది. దానికి బయటి సంగతి తెలియదు. ఏమీ లేని చోటు నుంచి మొదలుపెట్టి లోపలి గాలినంతా లెక్కపెడుతుంది, అందులోంచి బయటి గాలికని పదిహేను పాయింట్లు తీసేసి మనకు చూపిస్తుంది. దాన్ని చేసిన పాతనేల మీద బయటి గాలి పదిహేను మరి. మా కప్పు కింద గాలి పన్నెండే. అంటే మూడు ఎక్కువ తీసేస్తోంది. అందుకే తక్కువ చూపిస్తోంది.

నాకు ఎంత సంతోషం వేసిందంటే సైదులును పిలిచి రెండుసార్లు చెప్పాను. ఆయన అంతా విని, వేళ్ళ మీద లెక్క వేసుకుని, ఒక ప్రశ్న అడిగాడు. మూడే తేడా అయితే ఇరవై తొమ్మిది చూపాలి కదా, ఇరవై ఎనిమిది ఎందుకు చూపుతోంది? అన్నం తినేసి పొమ్మన్నాను.

రోజు 312

ఆ ఒక్క పాయింటు నన్ను తినేస్తోంది. ముప్ఫై రెండుకూ ఇరవై ఎనిమిదికీ తేడా నాలుగు. పదిహేనులోంచి నాలుగు తీస్తే పదకొండు. సెన్సర్ల లెక్కన మా ఊరి గాలి పదకొండు. పెద్దముల్లు పన్నెండంటోంది. ఊరి ముల్లును నమ్మాలా, ఏ బండికైనా సరిపోతాయనే పెట్టెను నమ్మాలా?

చేతిగేజి మీద అనుమానం వచ్చి ఈరోజు మళ్ళీ నాలుగు టైర్లూ చూశాను. ముప్ఫై రెండున్నర. నాలుగూ. ఎనిమిది రోజులుగా నేను గాలి కొట్టలేదు, బండి షెడ్డు దాటలేదు, షెడ్డులో వేడి మారలేదు. టైరులో గాలి తగ్గడం చూశాను గానీ, దానంతట అది పెరగడం నా సర్వీసులో చూడలేదు. స్క్రీను మీద మాత్రం ఇరవై ఎనిమిదే ఉంది, కదల్లేదు.

రోజు 313

మధ్యాహ్నం సైదులు షెడ్డుకే అన్నం తెచ్చాడు. ఆరు మలుపులు ఎక్కి వచ్చి, వెనక చక్రానికి ఆనుకుని కూలబడి, కాసేపు మాట్లాడలేకపోయాడు. పెదవులు పాలిపోయాయి. నేను చూడనట్టు గిన్నెలు సర్దాను. చూశానని తెలిస్తే బాధపడతాడు.

తింటూ, ఊరికే మాట కలపడానికి, టైర్లలో గాలి పెరిగిన వింత చెప్పాను. ఆయన పెద్దముల్లు మాట ఎత్తాడు.

“గాలి ఆఫీసు రాఘవులు గారు నన్ను తిట్టి ఏడాదైంది మస్తానూ,” అన్నాడు. “ఇంతకుముందు నేను పెద్దతలుపు తీసినప్పుడల్లా పెద్దముల్లు ఒణికేదంట. నెమ్మదిగా తియ్యలేవా అని ఫోన్ చేసి మరీ తిట్టేవోడు. ఇప్పుడు ఒక్క తిట్టు లేదు. నా చెయ్యి బాగా తిరిగిందనుకున్నా.”

“ఏడాదంటే, ఎప్పట్నుంచి?”

“నువ్వు ఆ పెట్టె చేసిచ్చినకాడ్నుంచి.”

ముద్ద నోటి దాకా పోలేదు. మూడు వరసల రబ్బరు. నాలుగు మరలు. పోయినేడు పండగనాడు మూత బిగించినప్పుడు ఊరి గాలి పన్నెండు. ఆ పన్నెండూ పెట్టెలోనే ఉండిపోయి, పలకను ఉబ్బించి, నా మొహాన్ని వంకర చేసింది. చక్రంలోని సెన్సరుకు బయటి సంగతి తెలియనట్టే, పెట్టెలోని ముల్లుకూ బయటి సంగతి తెలియదు. బయట కప్పు ఎక్కడో కారుతోంది. పూర్వం ముల్లు కాస్త దిగగానే పంపులు వేసి నింపేవాళ్ళు. ఏడాదిగా అది దిగలేదు, ఎవరూ నింపలేదు. టైరులో గాలి పెరగలేదు, చుట్టూ ఉన్న గాలి తగ్గింది. గోడల మీది నూట నలభై ముళ్ళూ నిజమే చెబుతుంటే, వాటిని పట్టుకుని పైకి తిప్పి నోరు మూయించింది నేను.

సైదులును చూశాను. ఇరవై ఏళ్ళు తలుపు దగ్గర బరువు మోసిన మనిషి. ఆ ఊపిరితిత్తులకు ఏమైందని నాలుగు నెలలుగా ఏడవని రోజు లేదు. ఏమీ కాలేదేమోనని అప్పుడు మొదటిసారి తోచింది. తోచింది గానీ చెప్పలేదు. ఒకవేళ నా లెక్క తప్పయితే ఆ మనిషిని రెండోసారి చంపినట్టవుతుంది.

రోజు 314

పొద్దున్నే ఒక ముందు చక్రం విప్పి, బండి స్క్రీను ఊడదీసి సంచిలో వేసుకుని, చక్రాన్ని మెట్ల మీద దొర్లించుకుంటూ గాలి ఆఫీసుకు బయలుదేరాను. షెడ్డు పైన ఇంకా నాలుగు మలుపులు.

మొదటి మలుపు దగ్గర ముగ్గురు. చక్రం చూసి, పెళ్ళి బండి సిద్ధమైందా అని అడిగారు. ఈసారి నేను మాటలు వినలేదు, మనుషుల్ని చూశాను. ఒకావిడ చేయి కమ్మీని గట్టిగా పట్టుకుని ఉంది. ఇంకొకాయన ఒక మాట అని, రెండో మాటకు ముందు నోరు తెరిచి గాలి పీల్చుకున్నాడు. మూడో మనిషి నవ్వుతున్నాడు, నుదురంతా చెమట. రెండో మలుపు దగ్గరా అంతే. ఒక్కరి నోట ఆయాసమన్న మాట రాలేదు. ఎలా వస్తుంది? ఆ మాట అంటే డాక్టరమ్మ, డాక్టరమ్మ దగ్గరికి పోతే వార్డు. ఎవరికి వాళ్ళు తమకొక్కరికే వచ్చిందనుకుని కబుర్ల చాటున దాక్కున్నారు. దాచుకోవడం చేతకానివాడు మా ఆయనొక్కడే.

నాలుగో మలుపు దగ్గర ఎవరూ లేరు. మర్యాద చూపించడానికి మనిషి లేడు. అయినా ఆగాను. చక్రం మీద చేయి ఆనించి, గుండె కొట్టుకోవడం నెమ్మదించేదాకా అక్కడే నిలబడ్డాను. నన్ను చూసి నాకే సిగ్గేసింది.

వీరరాఘవులు గారు పెద్దముల్లు కాపలాదారు. అరవై దాటినా చొక్కా మడత నలగని మనిషి. నేను చెప్పిందంతా కూర్చుని విన్నారు. చేతిగేజి పెట్టి చూపించాను, ముప్ఫై రెండున్నర. స్క్రీను చూపించాను, ఇరవై ఎనిమిది. కాగితం చదివి వినిపించాను. ఆయన పెట్టె వైపు చూశారు. ముల్లు పన్నెండు మీద కుదురుగా ఉంది.

“పెద్దముల్లు అబద్ధం చెప్పదమ్మా,” అన్నారు.

“అబద్ధం చెప్పట్లేదండీ. పెట్టెలో గాలి సంగతి నిజమే చెబుతంది. మనం పెట్టెలో లేం.”

కమిటీ కూర్చోకుండా పెట్టె తెరవడానికి లేదన్నారు. కమిటీ ఎప్పుడు కూర్చుంటుందంటే నెలాఖరుకన్నారు. నెలాఖరుకు సైదులు వార్డులో చేరి పది రోజులవుతుంది, ఇక బయటికి రాడు. నాకు కోపం ముంచుకొచ్చింది. నోరు తెరిచేలోగా బీరువా పక్కన చుట్టి పెట్టిన పరుపు కనిపించింది. దిండు, మంచినీళ్ళ చెంబు, గూట్లో సబ్బు, దువ్వెన.

“రాఘవులు గారూ, మీరు ఇంటికి పోయి ఎన్నాళ్ళయింది?”

ఆయన చూపు పరుపు మీదికి పోయింది. నాలుగు నెలలు అన్నారు. దిగడం బాగానే ఉంటుందట, తిరిగి ఎక్కడం తన వల్ల కావట్లేదట. పని ఎక్కువగా ఉందని ఇంట్లో చెప్పారట.

అప్పుడు నా కోపం ఎటు పోయిందో తెలియదు. ఆయన ముందు స్టూలు మీద కూర్చుని చెప్పాను. తప్పు ముల్లుది కాదు, మీదీ కాదు, నాదే. రబ్బరు నేనే బిగించాను, ఎవరూ అడక్కుండా మూడు వరసలు వేశాను. విప్పేది కూడా నేనే, కమిటీ అడిగితే నా పేరు చెప్పండి అన్నాను. ఆయన లేచి, కళ్ళద్దాలు తుడుచుకుని, పక్కకు జరిగి నిలబడ్డారు.

మరలు నాలుగూ విప్పాను. మూత రాలేదు. నా పని మరి, అంత తేలిగ్గా వస్తుందా? టైరు లీవరు తీసి అంచు కింద దూర్చి ఎత్తాను. సుయ్యిమని గాలి నా మొహానికి కొట్టింది, పోయినేడు పండగనాటి గాలి. ముల్లు పన్నెండు మీద నుంచి జర్రున జారి పదకొండు దాటి, పదిన్నర మీద ఆగింది. ఇద్దరం ఊపిరి బిగబట్టి చూస్తున్నాం. కింద పెద్దతలుపు తీసినట్టున్నారు, ముల్లు సన్నగా ఒణికింది.

రాఘవులు గారు ఫోన్ అందుకున్నారు.

“సైదులూ,” అన్నారు. “నెమ్మదిగా తియ్యవయ్యా. ఎన్నిసార్లు చెప్పాలి నీకు?”

అంతే అని ఫోన్ పెట్టేసి, పరుపు మీద కూర్చుని కండువాతో మొహం కప్పుకున్నారు.

రోజు 317

మూడు రోజులుగా పంపులు ఆగలేదు. కప్పు ఉత్తరం అంచున రెండు పలకల మధ్య జిగురు ఎండి విచ్చుకున్న చోటు దొరికింది, మూసేశారు. కమిటీ నెలాఖరు దాకా ఆగకుండా నిన్ననే కూర్చుంది. నన్ను నిలబెట్టి అడిగింది. ఉన్నదున్నట్టు చెప్పాను. పెట్టె తీసి పారేయమన్నారు కొందరు. రాఘవులు గారు ఒప్పుకోలేదు. నాలుగు వైపులా వాల్వు పట్టేంత కన్నాలు పెట్టి అక్కడే ఉంచమన్నారు. ఇంత చక్కటి పనికి డ్రిల్లు పెట్టాల్సి వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు. పెట్టాను. దుమ్ము పడితే తుడుచుకుంటారు.

ఇంకో శిక్ష కూడా వేశారు. నూట నలభై ఇళ్ళకూ నేనే వెళ్ళి, ముళ్ళు నేనే మళ్ళీ కిందికి దిద్ది, ఎందుకు దిద్దుతున్నానో ప్రతి ఇంట్లోనూ చెప్పాలి. శిక్ష వేయకపోయినా వెళ్ళేదాన్నే. ఇప్పటికి అరవై ఇళ్ళయ్యాయి. ఎవరూ తిట్టలేదు. ఒకావిడ మాత్రం నన్ను పట్టుకుని ఏడ్చింది. నాకూ ఆయాసం వచ్చేదమ్మా, మా ఆయనకు కూడా చెప్పలేదు అంది. లోపలి గదిలోంచి ఆయన, నేనూ నీకు చెప్పలేదు అన్నాడు.

వార్డులో ఉన్న పదకొండుమందినీ మళ్ళీ పరీక్షిస్తున్నారు. నెమ్మదిగా గాలి మార్చి బయటికి తేవచ్చేమో చూస్తామంది డాక్టరమ్మ. అందరి సంగతీ చెప్పలేనంది.

రోజు 318

పెళ్ళి జరిగింది. బయలుదేరేముందు చేతిగేజి పెట్టాను, ముప్ఫై ఒకటి. ఊరి గాలి మళ్ళీ పన్నెండుకు వచ్చింది కాబట్టి అంతే ఉండాలి. ఒక పాయింటు కొట్టాల్సింది, కొట్టలేదు. స్క్రీను మీద నాలుగు చక్రాలూ ఇరవై ఎనిమిది, బిగించిన రోజు నుంచీ అదే మాట మీద ఉన్నాయి. అంత నిలకడ చూపినవాటిని ఇంకో పూట కదిలించబుద్ధి కాలేదు.

మూడో చుట్టులో మేళం వాళ్ళు ఉత్సాహం పట్టలేక పరుగందుకున్నారు. సైదులు కూడా కాస్త తొక్కాడు. పెళ్ళికూతురు కెవ్వుమని పరుపును పట్టుకుంది. అందరూ నా వైపు చూశారు, నేను కప్పు వైపు చూశాను.

రోజు 320

నిన్న డాక్టరమ్మ సైదులును మెట్ల మీద పైకీ కిందికీ తిప్పి, గొట్టంలో ఊదించి, తానిచ్చిన కాగితం తానే చింపింది. తన గోడ ముల్లు కూడా నేను దిద్దిందేనని నాతో అంది. ఆ ముల్లు కూడా కిందికి దిద్ది వచ్చాను.

ఈరోజు సంచి సర్దుకుని వార్డుకు ఎక్కాల్సిన రోజు. సంచి లేకుండా, అన్నం గిన్నె పట్టుకుని, ఇద్దరం డ్యూటీలకు బయలుదేరాం. మెట్ల మీద జనం గబగబా ఎక్కుతున్నారు, దిగుతున్నారు. ఏ మలుపు దగ్గరా ఎవరూ ఆగడం లేదు. కూర ఏం వండారని అడిగేవాళ్ళు లేరు. దారికి అడ్డమని అంత విసుక్కున్నదాన్ని, దారి ఖాళీ అయ్యేసరికి ఏదో వెలితిగా అనిపించింది.

సైదులు నాకంటే ముందు ఎక్కుతున్నాడు. ఒకటి, రెండు, మూడు మలుపులు ఊపిరి మార్చకుండా ఎక్కేశాడు. నాలుగో మలుపు దగ్గర ఆగి, కమ్మీకి ఆనుకున్నాడు. నాలుగు మెట్లు ఒక్క ఊపున ఎక్కి ఆయన మొహంలోకి చూశాను. పెదవులు ఎర్రగా ఉన్నాయి. చెమట లేదు.

“ఏందయ్యా, మళ్ళీ ఆయాసమా?”

“ఆయాసం లేదు,” అన్నాడు. గిన్నె ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. “కూరేం వండావు?”

పొద్దున ఆ కూర తరిగి ఇచ్చింది ఆయనే. అయినా చెప్పాను. తీరిగ్గా, పోపు దగ్గర్నుంచి మొదలుపెట్టి, మొత్తం చెప్పాను.